ప్లాస్టరింగ్‌కు ముందే పిలవండి

(అగ్నిమాపక వారోత్సవాల సందర్భంగా భిలాయ్ స్మృతి నగర్‌లో జరిగిన మన బ్యాంకు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కలిసినప్పుడల్లా అంత్యాక్షరి, పిల్లల డ్యాన్సులు, పులిహోర ఉంటాయి. ఈసారి కార్యదర్శి గారు నా దగ్గరికొచ్చి, "మీరు బిల్డర్ల లోన్లు చూస్తారు కదండీ, ఫైర్ ఇన్‌స్పెక్షన్ల గురించి కాసేపు చెప్పండి" అన్నారు. డాక్టరుగారినో పోలీసాయననో పిలిచి ఉంటే బావుండేది, బ్యాంకువాడు మంటల గురించి ఏం చెబుతాడని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను మంటలు ఆర్పేవాణ్ణి కాదు. కాంట్రాక్టర్ల చేత ఫైర్ ఇన్‌స్పెక్షన్ చేయించడానికి వాళ్ల వెంటపడి తిరిగేవాణ్ణి. ఆ తిరుగుడులో చూసిన సంగతులే మీతో చెబుతాను.

ముందు ఈ తేదీ సంగతి. ప్రతి ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఈ వారోత్సవాలు ఎందుకు జరుపుతారో చాలామందికి తెలియదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ అంటుకుంది. అందులో పత్తి బేళ్లూ ఉన్నాయి, పేలుడు సామగ్రీ ఉంది. మంటలు ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది 66 మంది ఆ పేలుళ్లలో పోయారు. వాళ్ల జ్ఞాపకంగా ఈ వారం. పత్తినీ పేలుడు మందునూ ఒకే ఓడలో ఎక్కించారే, ఆ అలవాటు మన కట్టడాల దగ్గర ఇంకా పోలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

భిలాయ్‌లో ఉంటూ నిప్పు గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ ఊరే కొలిమి చుట్టూ పుట్టింది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్ర ప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించిన తర్వాత ఈ ఊళ్లో నిప్పు ఆరలేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన మన వాళ్ల తాతలు, తండ్రులు ఆ వేడి ముందు నిలబడి పిల్లల్ని చదివించుకున్నారు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ల దగ్గర గ్యాస్ పైపులైన్ మరమ్మతు పనిలో మంటలు లేచినప్పుడు పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో అగ్నిమాపక విభాగం వాళ్లూ ఉన్నారు. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో కొందరికి అది పేపర్లో చదివిన వార్త కాదని నాకు తెలుసు. అందుకే ఎక్కువ మాట్లాడను.

ఒక్క తేడా మాత్రం చెప్పాలి. ప్లాంటు లోపల నిప్పుకి ఒక శాఖ ఉంది, పర్మిట్ ఉంది, సైరన్ ఉంది. అదే ప్లాంటులో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి రిటైరై, వచ్చిన డబ్బుతో స్మృతి నగర్ వైపో జున్వానీ వైపో ఒక ఫ్లాటు కొనుక్కుంటాడు. ఆ ఫ్లాటు కడుతున్నప్పుడు మాత్రం నిప్పు గురించి అడిగే నాథుడు ఉండడు. అన్నీ అయిపోయాక, రంగులు వేశాక, గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నాక "ఆ ఫైర్ కాగితం ఒకటి మిగిలింది సార్" అంటాడు కాంట్రాక్టరు. కాగితం అన్నాడు చూశారా, అక్కడే ఉంది తిరకాసంతా.

కాంట్రాక్టరు దృష్టిలో ఫైర్ ఇన్‌స్పెక్షన్ అంటే చివరి రోజు వచ్చే ఒక జీపు. ఎర్ర సిలిండర్లు నాలుగు అద్దెకు తెచ్చి గోడలకు తగిలిస్తే సరి. ఇది నా కల్పన కాదు. ఒక సైటులో సిలిండర్ల మీద వేరే భవనం పేరు స్టిక్కర్లు కూడా తీయలేదు.

ఎం.బి.ఎ.లో మాకు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అని ఒక పేపరుండేది. క్రిటికల్ పాత్ అని అందులో ఒక పాఠం. ఏ పని ఆగితే మొత్తం ఆగుతుందో ఆ పనుల వరస అది. బిల్డర్లు ఇచ్చే ప్రాజెక్ట్ రిపోర్టుల్లో పునాదులు, శ్లాబులు, ఇటుక పని, ప్లాస్టరింగ్, టైల్సు, రంగులు, అన్నీ బార్‌చార్ట్‌లో చక్కగా గీసి ఉంటాయి. ఫైర్ మాత్రం చిట్టచివర ఒక చిన్న గీత. పదిహేను రోజులు. నిజానికి ఫైర్ ఇన్‌స్పెక్టరు చూడవలసినవి సగానికి పైగా ప్లాస్టరింగ్ కింద, శ్లాబు కింద, మట్టి కింద ఉంటాయి. చివర్లో వచ్చిన మనిషికి కనిపించేది రంగు ఒక్కటే.

అందుకని మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. బిల్డరుకి లోను ఒకేసారి ఇవ్వం కదా, పని జరిగిన కొద్దీ వాయిదాల్లో విడుదల చేస్తాం. ప్రతి విడతకీ ఇంజినీరు సర్టిఫికెట్ అడుగుతాం. ఆ సర్టిఫికెట్‌తో పాటు ఫైర్ పనులు తెలిసిన కన్సల్టెంటు చేత ఆ దశలో ఒక తనిఖీ చేయించి, ఆయన రాసిచ్చిన పేజీ కూడా ఫైల్లో పెట్టమని శాంక్షన్ షరతుల్లో ఒక వాక్యం చేర్చాను. అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతికి ఇది బదులు కాదు. శాఖవాళ్లు మొదట ప్లాను చూసి తాత్కాలిక ఎన్.ఓ.సి. ఇస్తారు, కట్టడం అయ్యాక వచ్చి చూసి తుది అనుమతి ఇస్తారు. ఈ రెంటికీ మధ్య ఒకటిన్నర, రెండేళ్లు గడుస్తాయి. ఆ మధ్యకాలంలో ఎవరూ చూడకపోవడమే నా బాధ.

మొదట్లో కాంట్రాక్టర్లు గింజుకున్నారు. విజయనగరం నుంచి పాతికేళ్ల కిందట వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒకాయన ఉన్నాడు. మనవాడన్న చనువు కొద్దీ సూటిగానే అడిగాడు. "బాబూ, తనిఖీలు పెడితే పని లేటయిపోద్ది. లేటయితే వడ్డీ మీకే కదా లాభం? అందుకా?" అన్నాడు. నేను ఆయన ముందే కాగితం మీద లెక్క వేశాను. ఉదాహరణకి మూడు కోట్లు వాడుకున్నారనుకోండి, పది శాతం వడ్డీ అనుకోండి. నెలకి రెండున్నర లక్షలు. చివరి తనిఖీలో నీళ్ల ట్యాంకు చాలదనో, పైపు లీకవుతోందనో ఆగిపోయి, గోడలు పగలగొట్టి సరిచేసేసరికి మూడు నెలలైతే ఏడున్నర లక్షలు వడ్డీకే పోతాయి. పగలగొట్టిన టైల్సు, మళ్లీ వేసే రంగు లెక్క వేరు. కొన్నవాళ్లు తాళాలివ్వమని ఇంటిమీదికొస్తే ఆ లెక్క ఇంకా వేరు. నాలుగు తనిఖీల ఫీజు అందులో ఏ మూలకీ రాదు. ఆయన కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. వారం తర్వాత ఫోన్ చేసి, "ఆ పెద్దాయన్ని ఎప్పుడు పంపుతారు?" అన్నాడు.

ఆ పెద్దాయన గురించి చెప్పాలి. చాలా ఏళ్లు అగ్నిమాపక పనిలో ఉండి రిటైరైన మనిషి. పేరు చెబితే కోప్పడతారు. చేతిలో ఒక టార్చి, ఒక టేపు, సుద్దముక్క. అంతే ఆయన సరంజామా. సైటులో అడుగుపెట్టగానే పైకి చూడరు, గేటు చూస్తారు. ఫైరింజన్ లోపలికొస్తుందా, తిరుగుతుందా? ఎత్తయిన భవనాల చుట్టూ బండి తిరిగే దారి కనీసం 6 మీటర్లు వదలాలనీ, ఆ నేల 45 టన్నుల బరువు ఆపగలగాలనీ జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. 45 టన్నులు ఎందుకంటే నిచ్చెనలూ నీళ్లూ మోసుకొచ్చే పెద్ద బండ్లు అంత బరువుంటాయి. మనవాళ్లు చాలాచోట్ల నీళ్ల సంపు సరిగ్గా ఆ దారి కిందే తవ్వుతారు, పైన మామూలు శ్లాబు వేస్తారు. కార్లకి సరిపోతుంది. ఆర్పడానికి వచ్చిన బండి మాత్రం సంపులో దిగబడుతుంది. ఈ ఒక్క మాట కోసం ఆయన్ని పునాదుల దశలోనే పిలవాలి. శ్లాబు వేశాక పిలిస్తే ఆయన చెప్పేదీ లేదు, మనం చేసేదీ లేదు.

తర్వాత షాఫ్టులు. అక్కయ్యలూ, వదినలూ, మీ అపార్టుమెంట్లో లిఫ్టు పక్కన ఒక సన్నటి తలుపుంటుంది, లోపల కరెంటు వైర్లు కింద నుంచి పైకి పోతుంటాయి. ఆ గూడు ప్రతి అంతస్తులోనూ శ్లాబు దగ్గర మూసి ఉండాలి. వైర్లు దూర్చినంత మేర తప్ప మిగతా ఖాళీ నిప్పుకి తట్టుకునే పదార్థంతో నింపాలి. లేకపోతే అది పొగగొట్టం. కింద మీటర్ల దగ్గర రాజుకున్నది క్షణాల్లో పై అంతస్తు వరండాలో పొగై తేలుతుంది. ఎలక్ట్రీషియను వైర్లు లాగుతాడు, ప్లంబరు పైపులు దింపుతాడు, వడ్రంగి తలుపు బిగిస్తాడు. రంధ్రం మూయడం ఎవరి పనీ కాదు! నేను చూసిన సైట్లలో పదికి ఎనిమిది చోట్ల ఇదే కథ. తలుపు బిగించకముందు మేస్త్రీని పిలిచి టార్చి వేసి చూపిస్తే ఒక పూటలో అయిపోయే పని.

నిప్పు కన్నా పొగ ఎందుకు ముఖ్యమో మన ఊళ్ల కథలే చెబుతాయి. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో రూబీ హోటల్ ఉన్న భవనంలో 8 మంది పోయారు. మంటలు కింద ఉన్న ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో. పోయినవాళ్లు పైన గదుల్లో దిగిన అతిథులు. పొగ మెట్లదారి పట్టుకుని పైకొచ్చింది. ఆర్నెల్ల తర్వాత, 2023 మార్చి 16న, అదే సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్స్. అయిదో అంతస్తులో ఆరుగురు యువతీయువకులు ఊపిరాడక పోయారు. ఊళ్ల నుంచి ఉద్యోగానికి వచ్చిన పిల్లలు.

ఎత్తు గురించి ఒక అపోహ ఉంది, అది కూడా ఇక్కడే తేల్చేద్దాం. జాతీయ నియమావళి 15 మీటర్లు, ఆపైన ఉన్నవాటిని ఎత్తయిన భవనాలంటుంది. మన తెలుగు రాష్ట్రాల్లో 1999 నాటి అగ్నిమాపక చట్టం ప్రకారం నివాస భవనాలు 18 మీటర్లు దాటితే, వ్యాపార భవనాలు 15 మీటర్లు దాటితే అనుమతి కావాలి. బళ్లు, ఫంక్షన్ హాళ్లు, సినిమా హాళ్ల వంటివైతే 6 మీటర్ల ఎత్తుకే, లేదా 500 చదరపు మీటర్ల స్థలానికే వర్తిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌కి తన చట్టం ఉంది. బిల్డర్లు ఈ అంకెల్ని ఎలా వాడతారంటే, "సార్, మాది 15 మీటర్ల లోపే కడుతున్నాం, ఫైర్ గొడవ లేదు" అంటారు. కావాలనే 14 మీటర్ల 90 దగ్గర ఆపుతారు. 2025 మే 18 తెల్లవారుజామున చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో కాలిపోయిన ఇల్లు గ్రౌండ్ ప్లస్ రెండు. అంతే. ఒకే కుటుంబానికి చెందినవాళ్లు, బంధువులు, చిన్నపిల్లలు, మొత్తం 17 మంది. లోపలికి ఇరుకు దారి, పైకి ఒక్కటే మెట్ల వరస. అక్కడ అడ్డొచ్చింది ఎత్తు కాదు. మా షరతుల్లో ఎత్తుతో పని లేకుండా రెండు మాటలు రాయించడానికి కారణం ఆ ఇల్లే. మెట్లు ఎన్ని, ఎక్కడ, అవి నేరుగా బయటికి దిగుతాయా? టెర్రస్ తలుపు లోపల నుంచి తాళం లేకుండా తెరుచుకుంటుందా?

ఇప్పుడు నాకు బాగా గుర్తుండిపోయిన పంపు కథ. జున్వానీ రోడ్డు వైపు ఒక ప్రాజెక్టు. పేరు అనవసరం. బిల్డరు మంచి ఖరీదైన పరికరాలు పెట్టించాడు. మెయిన్ పంపు, పైపుల్లో ఒత్తిడి నిలబెట్టే చిన్న జాకీ పంపు, టెర్రస్ మీద ట్యాంకు, అంతస్తంతస్తుకీ హోస్ రీలు. మమ్మల్ని పిలిచి పై అంతస్తులో నీళ్లు చిమ్మించి చూపించాడు. ధార బ్రహ్మాండంగా వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. పెద్దాయన మాత్రం కింద నుంచి అరిచారు, "ఇప్పుడు మెయిన్ ఆపండి" అని. భవనం మొత్తానికి కరెంటు తీశారు. పైన ధార నీరసించి, కారి, ఆగిపోయింది.

నాలాగే మీకూ వెంటనే అర్థం కాకపోవచ్చు. మంటలంటుకున్న భవనంలో ఎవరైనా మొదట చేసే పని కరెంటు తీయడం. నీళ్లు చల్లాలంటే కరెంటు ఉండకూడదు కదా. ఆ భవనంలో ఫైర్ పంపుకీ, మిగతా ఇళ్లకీ ఒకే మెయిన్ నుంచి లైను ఇచ్చారు. కరెంటు తీసిన క్షణంలో ఆర్పే నీళ్లు కూడా ఆగుతాయి. పంపుకి మెయిన్‌కి ముందు నుంచే విడిగా లైను ఉండాలి, దానికి తోడుగా డీజిలుతో నడిచే పంపు ఉండాలి. బిల్డరు ఎలక్ట్రీషియన్ని తిట్టాడు. ఎలక్ట్రీషియను "నాకు డ్రాయింగ్ ఎవరిచ్చారు?" అన్నాడు. అదీ నిజమే. లక్షలు పోసిన సామాను అక్కడే ఉంది, వైరు మలుపు ఒక్కటి తప్పింది. మా అదృష్టం, ప్లాస్టరింగ్ ఇంకా కాలేదు. రెండు రోజుల్లో సరిచేశారు. అదే గ్రానైట్ పరిచాక బయటపడి ఉంటే?

ఇంతవరకూ చెప్పింది కొనుక్కునే మనకోసం. కట్టేవాళ్ల సంగతి వేరే ఉంది. నన్నడిగితే అదే ముందు చెప్పాలి, కానీ వినేవాళ్లు తమ ఇంటి సంగతి వింటేనే చెవులు రిక్కిస్తారు, అందుకని వెనక్కి పెట్టాను.

భవనం అన్నిటికన్నా ప్రమాదంలో ఉండేది కట్టేటప్పుడు. అప్పటికి నీళ్ల పైపులుండవు, తలుపులుండవు, అలారం ఉండదు. మనుషులు మాత్రం ఉంటారు. మన సైట్లలో పనిచేసే సెంట్రింగ్, రాడ్ బెండింగ్ వాళ్లలో శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు ఎందరో మీకు తెలుసు. కుటుంబాలతో వస్తారు. గుడిసెలు వేసుకోవడానికి స్థలం లేక స్టిల్టు పార్కింగ్‌లోనే పరదాలు కట్టుకుని కాపురం. పక్కనే ప్లైవుడ్ షీట్లు, థిన్నరు డబ్బాలు, థర్మోకోల్. మధ్యలో గ్యాసు పొయ్యి. పత్తీ పేలుడు మందూ ఒకే ఓడలో అన్నానే, ఇదే అది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళకి పెద్దాయనతో వెళ్లాను. ఆయన వాళ్లతో పాటు నేలమీద కూర్చుని, వచ్చీరాని తెలుగులో, "ఇప్పుడిక్కడ అంటుకుంటే మీరెటు పరిగెత్తుతారు?" అని అడిగారు. ఏడెనిమిది మంది ఒకేవైపు చెయ్యి చూపించారు. ఆ మెట్లమీద సగం దాకా సెంట్రింగ్ చెక్కలు పేర్చి ఉన్నాయి. ఒకావిడ మాత్రం చెయ్యెత్తలేదు. నాలుగైదేళ్ల పిల్ల ఆమె ఒళ్లో ఉంది. "అటు గ్యాసు బండ ఉన్నాది కదా బాబూ, ఎటెల్తాం?" అంది. బండ బయట పెట్టుకోవచ్చు కదమ్మా అన్నాను. "బయటెడితే ఎత్తుకుపోతారు. ఆదివారం సంతకెల్లొచ్చేసరికి పోయినాది ఒకపాలి" అంది. ఆవిడ చెప్పినదాంట్లో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఇనుప జాలీతో తాళం వేసే చిన్న గూడు ఒకటి గోడ బయట కట్టిస్తే తీరిపోయే సమస్య. కాంట్రాక్టరు ఆ సాయంత్రమే కట్టించాడు. వెయ్యి రెండు వేల పని. ఇన్నాళ్లు ఎందుకు కట్టలేదయ్యా అంటే, "ఎవరూ అడగలేదు సార్" అన్నాడు.

అడగడానికి చట్టం లేక కాదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది, 1998లో కేంద్ర నిబంధనలు వచ్చాయి. నిర్మాణ స్థలంలో మంటలార్పే సాధనాలు, చాలినంత నీళ్లు, వాటిని వాడటం తెలిసిన మనుషులు ఉండాలని అందులోనే రాశారు. కానీ మున్సిపాలిటీ చూసేది ప్లాను, ఫైర్ శాఖ చూసేది పూర్తయిన భవనం, బ్యాంకు చూసేది సెక్యూరిటీ. మధ్యలో స్టిల్టులో వండుకునే ఆవిడని ఎవరు చూడాలి?

2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాములో 11 మంది బీహారు కూలీలు పోయారు. కింద సామాను, పైన వాళ్ల నిద్ర. దిగడానికి మెలికల ఇనుప మెట్లు ఒక్కటే. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో 9 మంది. అక్కడ అపార్టుమెంటు కింద రసాయనాల డ్రమ్ములు నిలవ ఉంచారు. వేర్వేరు ఊళ్ల మనుషులు, వేర్వేరు భవనాలు, కానీ కింద సరుకు పైన ప్రాణాలు అన్న అమరిక మాత్రం ఒకటే.

వెల్డింగు గురించి ఒక మాట. 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్‌లో పాతికమందికి పైగా, అందులో పిల్లలు, కాలిపోయారు. వెల్డింగు నిప్పురవ్వలు కింద ఉన్న సామాను మీద పడ్డాయి. నిప్పురవ్వ పడిన వెంటనే మంట రావాలని లేదు. దూదిలోనో రంపపుపొట్టులోనో కూర్చుని, పనివాళ్లు టీకి వెళ్లాక లేస్తుంది. ప్లాంటులో పనిచేసిన మామయ్యలు ఇక్కడున్నారు, వాళ్లకి పర్మిట్ పద్ధతి తెలుసు. వెల్డింగు మొదలుపెట్టే ముందు చుట్టూ సామాను తీయడం, బకెట్టు నీళ్లతో ఒక మనిషి నిలబడటం, పని అయ్యాక కనీసం అరగంట, వీలైతే గంట అక్కడే కాపలా ఉండటం. ఆ పద్ధతిని ప్లాంటు గేటు దాటించి బయటి సైట్లకు తేవాలని నా ప్రయత్నం. చెబితే కాంట్రాక్టర్లు వినరు గానీ, రిటైరైన ఫోర్‌మన్ చెబితే వింటారు. ఆదివారాల్లో ఒక గంట ఇవ్వగలిగిన పెద్దలు ఎవరైనా ఉంటే దయచేసి నాకు చెప్పండి. ఈ సభలో నేను అడగదలచుకున్నది ఇదొక్కటే.

మరమ్మతులూ నిర్మాణమే అని మరిచిపోకండి. 2025 నవంబర్ 26న, హాంకాంగ్‌లోని తాయ్ పోలో జనం కాపురముంటున్న ఎత్తయిన టవర్లు వరసగా అంటుకున్నాయి. మరమ్మతుల కోసం వెదురు పరంజా కట్టి వల కప్పారు, కిటికీలకు ఫోమ్ పలకలు అంటించారు. 150 మందికి పైగా పోయారు. మన సొసైటీల్లో పాత భవనాలకి రంగులు వేయించేటప్పుడు ఆకుపచ్చ వల కడతారు. ఆ వల ఏమిటో, ఎంత తేలిగ్గా అంటుకుంటుందో ఒక చిన్న ముక్క కత్తిరించి, మైదానంలో, పెద్దవాళ్లు, బకెట్టు నీళ్లు దగ్గర పెట్టుకుని వెలిగించి చూడమని సొసైటీ కమిటీలకి చెబుతుంటాను. పిల్లలూ, మీరు కాదు.

ఇక ఇల్లు కొనబోయేవాళ్లకి. హోమ్ లోను ఫైల్లో లీగల్ ఒపీనియన్ ఉంటుంది, వాల్యుయర్ రిపోర్టు ఉంటుంది, ఈ.సి. ఉంటుంది. ఆ ఫైల్లో ఎక్కడా ఎవరూ మెట్లెక్కి చూసినట్టు ఉండదు. మా ఇంట్లోనే చూడండి, మా శ్రీమతి ఫ్లాటు చూడ్డానికి వెళ్తే నేరుగా వంటింట్లోకి, తర్వాత పూజగదికి. నేను మెట్ల దగ్గర ఉండిపోతే, "వచ్చిన పని చూడండి" అంటుంది. మెట్లు చూడటమే నా పని అన్నాను. ఇప్పుడామె కూడా లిఫ్టు వదిలి ఒకసారి నడిచి దిగుతోంది. దిగేటప్పుడు మెట్లమీద సైకిళ్లు, పాత మంచాలు ఉన్నాయా, హోస్ రీలు పెట్టెలో గొట్టం ఉందా చెప్పులున్నాయా, సెల్లారులో ఎవరి సరుకు ఉంది, ఎలక్ట్రిక్ స్కూటర్లు మెట్ల కిందే చార్జింగ్ పెడుతున్నారా, ఇవి చూడటానికి ఇంజినీరింగ్ అక్కర్లేదు. బిల్డరు చూపించేది తాత్కాలిక ఎన్.ఓ.సి. అయితే, అది కట్టడానికి ఇచ్చిన అనుమతే, కాపురానికి కాదు. తుది అనుమతి అడగండి. "వస్తుంది మేడమ్, ప్రాసెస్‌లో ఉంది" అంటే, వచ్చాకే రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం అనండి. బ్యాంకు ఉద్యోగి కుటుంబం అడిగిందంటే పక్క ఫ్లాటువాళ్లూ అడుగుతారు.

కొందరు సహోద్యోగులు నాతో అంటారు, ఇది బ్యాంకు పనేనా, మన టార్గెట్లు మనకున్నాయి కదా అని. వాళ్లకి నా జవాబు కాస్త పొడిగా ఉంటుంది. తనఖా పెట్టుకున్నది ఆ గోడల్నే. వాటి మీద పాతికేళ్ల అప్పు ఇచ్చి, అవి నిలబడతాయా లేదా అని చూడకపోతే మనం చూసేదేమిటి? అయితే ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. బ్యాంకు అప్పు లేకుండా కట్టే భవనాల దగ్గర మా షరతు ఏమీ చేయలేదు. అక్కడ కొనేవాళ్లు అడగడమే మిగిలిన దారి. మా షరతున్న చోట కూడా ఒక్కోసారి కన్సల్టెంటు సైటుకి వెళ్లకుండా సంతకం పెట్టేస్తాడు. అందుకని ప్రతి దశకీ ఫొటోలు తీసి, తేదీతో సహా పెట్టమంటున్నాం. మూసేయబోయే షాఫ్టు ఫొటో, ఒత్తిడి పరీక్షలో గేజి ఫొటో, సంపు శ్లాబు కడ్డీల ఫొటో. ఫొటోకి కూడా దొంగదారి ఉంటుందనుకోండి, కానీ కొంచెం కష్టపడాలి.

వచ్చే ఆదివారం ఉదయం ఎనిమిదికి స్మృతి నగర్ దగ్గర్లో కడుతున్న ఒక భవనం చూడ్డానికి పెద్దాయన వస్తానన్నారు. బిల్డరు అనుమతి ఇచ్చాడు, హెల్మెట్లు పదిహేనే ఉన్నాయట, కాబట్టి ముందు పేరిచ్చిన పదిహేను మందికే. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. చున్నీలు, పైటచెంగులు బిగించుకోండి, కడ్డీలకి తగులుకుంటాయి. పన్నెండేళ్ల లోపు పిల్లల్ని తీసుకురావద్దు. మూడో అంతస్తులో షాఫ్టు ఇంకా మూయలేదు, ప్లాస్టరింగ్ సోమవారం మొదలవుతుంది. చూడాలంటే అదే సమయం. పేర్లు టీ కౌంటరు దగ్గర మా శ్రీమతి రాసుకుంటోంది.